సున్నపు బట్టీ మీది ఏరియల్

నా ఉద్యోగంలో సగం నీళ్ళు పోయడమే. వైర్‌లెస్ మనిషినని చెప్పుకునేవాణ్ణి గానీ, ఊరికి వెళ్ళగానే నేను మొదట అడిగేది బిందె. రేడియో పెట్టెనుంచి ఒక తీగ భూమిలోకి వెళుతుంది. దాని కొసన పాతిన రాగిరేకు చుట్టూ మట్టి తడిగా ఉంటేనే పెట్టె సరిగా పలుకుతుంది. పల్నాడులో మట్టి తడిగా ఉండే రోజులెన్నో మీకు తెలుసు. అందుకని బిందెడు నీళ్ళు పోసి, అవి ఇంకేదాకా కూర్చుని, ఆ తర్వాత పెట్టె తెరిచేవాణ్ణి.

రేడియో పనుల్లోకి కొత్తగా వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. జీతం ఎంత, ప్రమోషన్లు ఎప్పుడు అని అడుగుతారు. వాటి సంగతి ఆఫీసులో కనుక్కోవచ్చు. నేను చెప్పగలిగింది వేరే. యుద్ధం జరుగుతున్న రోజుల్లో నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఊరూరా పెట్టిన పంచాయితీ రేడియోలు నా చేతికింద ఉండేవి. బ్యాటరీలు మార్చడం, తెగిన తీగ కలపడం, ఏరియల్ మీద చీరలు ఆరేయొద్దని బతిమాలడం నా పని. బొగ్గుతో నడిచే బస్సుల్లో యాసిడ్ బ్యాటరీ ఒళ్ళో పెట్టుకుని తిరిగిన ఆ రోజుల గుర్తుగా చిల్లులు పడ్డ పంచెలు చాలాకాలం దాచుకున్నాను.

డైరీ రాయడం అప్పటికే అలవాటు. ఏ ఊళ్ళో ఏ వేళకు ఎంత వినబడింది, గాలి ఎటు వీచింది, మబ్బు ఉందా లేదా, అన్నీ రాసేవాణ్ణి. చేరిన కొత్తలో నేర్పిన నియమం ఒకటుంది. స్టేషన్ ఏం పంపిందన్నది మన లెక్క కాదు. అందుకున్న చోట ఏం అందిందన్నదే రాయాలి. వినని మనిషి ఊహ కన్నా విన్న మనిషి మాట గట్టిది. ఈ నియమాన్ని నా సర్వీసు మొత్తం పాటించాను. అందువల్లే ఒకచోట ఇరుక్కుపోయాను కూడా. ఆ సంగతే రాస్తాను.

శేషాచలంగారి గొట్టం

మా ఇంజినీరు శేషాచలంగారు మంచివారు, అధికారిగా మాత్రం పనికిరానివారు. ఇద్దరూ ఒకే మనిషిలో ఉండొచ్చని మొదట ఆయన దగ్గరే తెలుసుకున్నాను. కాగితాలు బల్లమీద నెలలతరబడి పడుండేవి. ఆయన మాత్రం కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చునేవారు.

ఒక మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచి తలుపులు మూయించారు. గది మూల నిలువెత్తు గాజుగొట్టం నిలబెట్టి ఉంది. లోపలి గాలి తోడేసి, కొద్దిగా నియాన్ నింపి మూసిన గొట్టం. దాని అడుగు భాగాన్ని రేడియోకు కలిపారు. పెట్టెకు వేరే ఏరియల్ లేదు. పెట్టె నిశ్శబ్దంగా ఉంది.

"ఇప్పుడు చూడు," అని బ్యాటరీల వరస తాలూకు మీట నొక్కారు.

గొట్టం నిండా పండిన నారింజ రంగు వెలుగు నిలిచింది. ఆ వెంటనే పెట్టెలో బుసతో పాటు ఎవరో వీణ వాయిస్తున్నట్టు వినబడింది. మీట తీశారు. వెలుగు పోయింది, వీణా పోయింది.

"తీగ ఎందుకు పనిచేస్తుందయ్యా? లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి గనక. వాయువును తగినంత రెచ్చగొడితే దానిలోనూ ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అప్పుడు వాయువే తీగ. అక్కర తీరాక ఆపేస్తే ఏరియల్ అనేదే ఉండదు. నీ తీగ మీద చీరలు ఆరేస్తున్నారని ఏడుస్తావుగా, దీనిమీద ఆరేయమను."

ఆ వెలుగును నేను కలలో చాలాసార్లు చూశాను. పైకి చూస్తే ఖాళీ. లోపల ఎక్కడినుంచో వచ్చిన పాటను పట్టుకున్న ఖాళీ. మేలుకున్నాక గుర్తొచ్చేది మాత్రం వేరే. ఆయన గొట్టానికి వాడిన బ్యాటరీలు నా ఊళ్ళకు రావలసినవి. ఆ వారం మూడు ఊళ్ళు మూగవోయాయి, తిట్లు నేను తిన్నాను. కలలు కనే పై అధికారి దొరికితే అదృష్టమే. ఆయన కలలకు సామాను ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం ఒక కన్నేసి ఉంచండి.

బట్టీ వెలిగితే పాడే పెట్టె

దాచేపల్లి దాటి లోపలికి పోతే రాళ్ళదిన్నె అని సున్నపురాయి మీద బతికే ఊరు. మగవాళ్ళు రాయి కొట్టి బట్టీలో కాలుస్తారు. ఆడవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకు పోయి మిద్దెల మీద పరిచిన సున్నపు గచ్చును దిమ్మిసలతో, అంటే బరువైన కర్రదిమ్మెలతో, దంచుతారు. పంచాయితీ గది ఊరి చివర, కోటయ్య బట్టీ పక్కనే ఉండేది. ఏరియల్ కట్టడానికి అటువైపు వెదురుబొంగు, ఇటువైపు తాటిచెట్టు దొరికాయి. అందువల్ల తీగ సరిగ్గా బట్టీ నెత్తిమీదుగా పోయింది.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు కోటయ్య నన్ను బట్టీ దగ్గరే ఆపాడు. ముప్పై దాటిన మనిషి. ఒళ్ళంతా సున్నం, కనుబొమలు కాలిపోయి ఉన్నాయి.

"అయ్యగారూ, మీ పెట్టెకి కరెంటు బ్యాటరీది కాదు. మా బట్టీది."

"అదేమిటి?"

"పగలు పెడితే గొంతు పట్టేసిన ముసలోడల్లే గురగురమంటది. నేను బట్టీ రాజేశాననుకో, మద్రాసోళ్ళు పక్కింట్లో కూర్చుని మాట్లాడినట్టుంటది. ఊరంతా ఎరుగుదురు. అడగండి."

అడిగాను. అందరూ అదే మాట. రేడియోకు జనం చేరాక, "ఒరేయ్ కోటిగా, ఇంకో మోపు కంప వెయ్యరా, వార్తలు ఇనపడటం లేదు," అని అరిచేవాళ్ళట. అతను వేసేవాడట.

ఆ రాత్రి డైరీలో "పరిశీలించాలి" అని రాసుకున్నాను. మంట కూడా ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువే. తీగ దాని మీదుగా పోతోంది. నాకు నారింజ రంగు గొట్టం గుర్తొచ్చింది. శేషాచలంగారికి చెబితే ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

"ఉప్పు వేయించు. సోడియం నుంచి ఎలక్ట్రాన్ ఊరికే ఊడివస్తుంది. మంట ఇంకా మంచి తీగ అవుతుంది."

"సార్, వాళ్ళు బట్టీ రాజేసేది సందెవేళ. సందెవేళ అయితే మద్రాసు స్టేషన్ బలం ఎలాగూ పెరుగుతుంది."

"ముందు ఉప్పు వేయించవయ్యా," అన్నారాయన. నాకున్న అనుమానం ఆయనకూ ఉందని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. దాన్ని కాసేపు దూరంగా ఉంచాలనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అంతే. కోటయ్యకు ఉప్పు సంగతి చెప్పాను. పిడికెడు ఉప్పు పడగానే మంట పసుపుపచ్చగా లేచేది, పైన తీగ ఆ వెలుగులో ఊగేది. అప్పటినుంచి ఊళ్ళో నా మాటకు విలువ పెరిగింది.

అంకమ్మ మద్రాసు ప్రయాణం

కోటయ్య భార్య అంకమ్మ. గచ్చు దంచేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. ఆ పాటకు ఒక పద్ధతి ఉంది. ప్రతి విడతలోనూ ముందు పాడే మనిషి ఇంట్లోవాళ్ళ పేరు ఒకటి కలుపుతుంది. దంచవే వీరమ్మత్తా, దంచవే చిన్నొదినా, ఇలా ఆడపడుచులను, అత్తలను, ఆఖరికి మేస్త్రీని కూడా పాటలోకి లాగి ఆటపట్టిస్తారు. మగడి పేరు వచ్చే విడతలో మాత్రం పేరు పలకరు. అక్కడ గొంతులన్నీ ఆగిపోతాయి. అందరూ కలిసి దిమ్మిసలు ఒక్కసారి నేలకేసి కొడతారు. ఆ దెబ్బే మగడి పేరు.

రెంటచింతల బడిలో ఒక పంతులమ్మగారు ఈ పాటలంటే ప్రాణం పెట్టేవారు. ఆమె మద్రాసు స్టేషన్ వాళ్ళతో మాట్లాడి, ఆడవాళ్ళ కార్యక్రమంలో పాడించడానికి రాళ్ళదిన్నె నుంచి ముగ్గురిని తీసుకుపోతానన్నారు. మాట పుట్టిన వారానికి ఇద్దరు వెనక్కి తగ్గారు. అంకమ్మ ఒక్కతే మిగిలింది.

ఇప్పటివాళ్ళకు ఇందులో ఏముందనిపిస్తుంది. బట్టీ మనిషి భార్య, పెద్దదిక్కు లేకుండా రైలెక్కి మద్రాసు పోవడమంటే ఆ ఊళ్ళో ఏమనుకుంటారో నేను చెప్పనక్కర్లేదు. అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది కోటయ్య తల్లి వీరమ్మ. ఒకప్పుడు ఆ ఊరి పాటలన్నీ ఎత్తుకున్నది ఆవిడే. పళ్ళు ఊడాక కోడలికి వదిలేసింది. నేను ఏరియల్ చూడటానికి వెళితే గది అరుగుమీద కొడుకును నిలబెట్టి అడుగుతోంది.

"పాడటానికే పోతందని ఎట్టా నమ్మేది?"

"పంతులమ్మగారు తోడుందిగదమ్మా."

"ఆమె మంచిదే. ఊరు మంచిది కాదుగా. ఒరేయ్, నే చెప్తన్నా విను. ఆ పెట్టెలో దాని గొంతు నా చెవిన పడాల. పడిందా, నా కోడలు పాటకి పోయిందంటా. ఎవురేమన్నా నేనే సమాధానం చెప్పుకుంటా. పడలా, అది రైలు దిగి తిన్నగా పుట్టింటికి పోవాల్సిందే."

కోటయ్య అరుగు దిగాడు. నా వెంట తాటిచెట్టు దాకా వచ్చాడు.

"ఇనపడద్దిగా అయ్యగారూ?"

ఏ వేళకు పాట అని అడిగాను. పొద్దు వాలాక, చీకటి పడకముందు అన్నాడు. నా డైరీ నిండా ఉన్నది ఆ వేళ సంగతే. సూర్యుడు ఉన్నంతసేపూ మద్రాసు పీలగా ఉంటుంది. మునిగాక పుంజుకుంటుంది. పాట సరిగ్గా ఆ రెంటి మధ్య పడింది.

"కష్టం కోటయ్యా. చేయగలిగింది చేద్దాం."

"మీరు పెట్టె సంగతి చూడండి. మంట సంగతి నేను చూస్తా," అన్నాడు. అతని ధైర్యం చూసి నేను కూడా సగం నమ్మాను.

ఆ సాయంత్రం

మధ్యాహ్నానికే చేరుకున్నాను. కొత్త బ్యాటరీ పెట్టాను. వెదురుకు ఇంకో వెదురు కట్టి ఏరియల్ ఎత్తు పెంచాను. రాగిరేకు దగ్గర బిందెలకొద్దీ నీళ్ళు పోశాను. కోటయ్య ఆ రోజు రాజేయవలసిన వేళకు చాలా ముందే బట్టీ రాజేశాడు. పక్కన ఉప్పు గంప పెట్టుకున్నాడు. ఎండ ఉండగానే మంట లేవడంతో ఊరు ఊరంతా కదిలి వచ్చింది. వీరమ్మ వచ్చి అరుగు మీద పెట్టెకు ఎదురుగా, తీర్పు చెప్పే పెద్దమనిషిలా కూర్చుంది.

వేళయింది. పెట్టె తెరిచాను. బుస. ఆ బుసలో ఎక్కడో అడుగున మనిషి మాటలాంటిది కదిలి మునిగిపోయింది.

"మంట చాలటం లేదురా కోటా," అని ఎవరో కేకేశారు. కోటయ్య దోసిళ్ళతో ఉప్పు విసిరాడు. మంట పసుపుపచ్చగా తాటిచెట్టు సగం దాకా లేచింది. పెట్టె అలాగే బుసకొట్టింది.

"కూనిరాగం కూడా లేదే," అని ఒక ముసలాయన నవ్వాడు. "మద్రాసు పోయిందా, మంగళగిరి దాకా పోయి ఆగిందా?"

వీరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆయన నవ్వు ఆపేశాడు.

నా సంచిలో పరీక్షకు వాడే రిసీవరు ఉంది, ఒక చెవికి పెట్టుకునేది. ఊరంతా వినే లౌడ్‌స్పీకరు, మా భాషలో పెద్ద గొంతు, తీసేసి దాన్ని తగిలించాను. చెవికి పెట్టుకుంటే బుస వెనకాల సన్నగా, గోడ అవతల మాట్లాడుకుంటున్నట్టు, తెలుగు. పాట మొదలవబోతోందని ఆడగొంతు చెబుతోంది. వినబడేది ఒక్క చెవికి. ఊరంతటికీ వినిపించే దారి లేదు.

బట్టీ దగ్గరికి పరుగెత్తాను. "కోటయ్యా, వస్తోంది. ఒక్కరికే వినబడుతుంది. నువ్వు రా."

అతను చేతిలో ఉప్పుతో అలాగే నిలబడ్డాడు. నా వంక చూశాడు, మంట వంక చూశాడు.

"నేనొస్తే మంట ఎవురు చూస్తారు? మంట తగ్గితే అదీ పోద్ది."

"కాసేపు ఎవరికైనా అప్పజెప్పు."

"దీని సంగతి ఇంకోడికి తెలీదు. మా అమ్మ చెవికి పెట్టండయ్యగారూ. వినాల్సింది ఆమె."

వీరమ్మ చెవికి రిసీవరు పెట్టి, ఆవిడ చేత్తోనే అదిమి పట్టించి, నేను గది వెనక్కి పోయి రాగిరేకు మీద ఇంకో బిందె పోశాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. కుడిచెయ్యి పిడికిలి బిగిసి, అరుగు మీద మెల్లగా లేచి పడుతోంది. గచ్చు మిద్దె మీద ఉన్నట్టుంది ఆవిడ. పక్కన బట్టీలో కంప చిటపటలాడుతోంది. ఒకచోట పిడికిలి గాలిలో ఆగిపోయింది. కళ్ళు తెరిచి బట్టీ వైపు చూసింది. మళ్ళీ మూసుకుంది.

అప్పటికి పొద్దు తాటిచెట్ల వెనక్కి దిగిపోయింది. ఆవిడ రిసీవరు తీసి నా చేతికిచ్చి, "అయిపోయింది," అంది. నేను గబగబా పెద్ద గొంతు తగిలించాను. అప్పుడు, నిండుకుండ మీద మూత తీసినట్టు, మద్రాసు గది నిండా వచ్చేసింది. ఇంతవరకూ గచ్చు దంచే పాట పాడినవారు పల్నాటి సీమ రాళ్ళదిన్నె గ్రామానికి చెందిన శ్రీమతి అంకమ్మ అని, తీరిగ్గా, స్పష్టంగా చెప్పింది ఆ ఆడగొంతు.

బట్టీ దగ్గర కోటయ్య ఉప్పుగంప కింద పెట్టడం కనిపించింది.

వీరమ్మ లేచి, నవ్విన ముసలాయన ముందుకు పోయి నిలబడింది. "ఏంది మామా, మంగళగిరి అన్నావు?"

తర్వాత చూసినవి

పని అక్కడితో అయిపోలేదు. వరసగా కొన్ని సాయంత్రాలు రాళ్ళదిన్నెలో ఉండి, బట్టీ వెలిగిన రోజూ వెలగని రోజూ, ఉప్పు వేసీ వేయకా, అదే వేళకు విని రాసుకున్నాను. తేడా లేదు. మంట వాయువే, అందులో ఎలక్ట్రాన్లూ ఉన్నాయి, కానీ అంత దూరపు స్టేషన్‌కు అది ఏరియల్ కావడానికి ఎంతమాత్రం చాలదు. పొద్దు గూకితే వినబడింది, గూకకపోతే లేదు. కలిసి జరిగే రెండు సంగతుల్లో ఒకటి రెండోదానికి కారణమనుకోవడం మన వృత్తిలో అన్నిటికన్నా సులువైన తప్పు. అందమైన కారణం దొరికినప్పుడు మరీ సులువు.

అంకమ్మ తిరిగి వచ్చాక వాళ్ళింటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పకుండా ఉంటే కోటయ్య జీవితాంతం రేడియో కోసం కంప తగలేసేవాడు.

"మంట కాదు కోటయ్యా. ఆకాశంలో చాలా పైన, గాలి పలచగా ఉన్నచోట, సూర్యుడే గాలిని రెచ్చగొట్టి పొరలు పొరలుగా నిలుపుతాడు. మద్రాసు నుంచి వచ్చే అల ఆ పై పొరకు తగిలి మన ఊళ్ళోకి వంగుతుంది. పగలు కింద ఇంకో పొర ఉండి దాన్ని దారిలోనే మింగేస్తుంది. పొద్దు గూకగానే కింది పొర చెదిరిపోతుంది, పైది మాత్రం చాలాసేపు నిలుస్తుంది. నీ బట్టీలో మంట ఆరినా రాయి వేడిగా ఉన్నట్టు."

"అంటే ఆయనది కూడా బట్టీ పనే," అంది అంకమ్మ. "సందేళకి ఇంటికి పోతాడు. మా ఆయన మాత్రం పోడు."

కోటయ్య నవ్వలేదు. చేతులు చూసుకుంటున్నాడు. ఆ రోజు ఉప్పు విసిరి విసిరి అరచేతులు బొబ్బలెక్కాయి.

"అయితే నేను లోపలికొచ్చి వినుండొచ్చన్నమాట," అన్నాడు.

గడపలో కూర్చుని వక్క దంచుకుంటున్న వీరమ్మ అందుకుంది.

"ఏం పోయిందిరా, నేను విన్నాగా. నా పేరు చెప్పింది. మీ చిన్నమ్మ పేరు చెప్పింది. నీ పేరూ చెప్పింది."

అంకమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. "అత్తా, ఊరుకో. నేనెందుకు చెప్తా?"

"చెప్పావు."

"చెప్పలా. ఆడ దిమ్మిస వెయ్యనిచ్చారా? కిందంతా మెత్తటి గుడ్డ పరిచారు. కాలు కూడా కదపొద్దన్నారు. దెబ్బ పడాల్సిన కాడ ఊరికే ఊపిరి పీల్చుకున్నా, అంతే."

"ఊపిరి కాదు. పేరే. కోటయ్య అని, ఇట్టా మెల్లిగా."

కోటయ్య ఒకసారి తల్లిని, ఒకసారి భార్యను చూశాడు. తర్వాత, ఇందాక నిజం చెప్పినవాణ్ణి గనక, నావంక చూశాడు. ఆ సాయంత్రం నేను పక్కనే ఉన్నాను గానీ, రిసీవరు ఉన్నది ఆవిడ చెవికి. ఆ పాట ఆ ఊళ్ళో ఇంకెవరి చెవినా పడలేదు. అది పై పొర దాకా పోయి, వంగి, ఒక్క ముసలావిడ చెవిలోకి దిగి ఆరిపోయింది.

"పాడింది నేనా, నువ్వా?" అంది అంకమ్మ.

"విన్నది నువ్వా, నేనా?" అంది వీరమ్మ.

వాయువును గొట్టంలో నింపి ఏరియల్‌గా వాడే పని ఇప్పుడు పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో నిజంగానే చేస్తున్నారని ఈమధ్య చదివి, శేషాచలంగారిని తలుచుకున్నాను. నారింజ వెలుగుతో పాటు నాకు ఆ పసుపుపచ్చని మంట కూడా గుర్తొచ్చింది. నేను అంత వివరంగా చెప్పాక కూడా, ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా, కోటయ్య బట్టీ రాజేసేటప్పుడు పిడికెడు ఉప్పు విసిరేవాడు. రేడియో కట్టేసి ఉన్నా విసిరేవాడు. నేను మళ్ళీ వివరించలేదు.

అత్తాకోడళ్ళ వాదన విన్న రోజు డైరీలో పాటలోని ఆ పేరు గురించి ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి నియమం ప్రకారమే రాశాను. పంపినవారు కాదన్నారు, అందుకున్నవారు అవునన్నారు. అందింది.